యాపిల్ కొనేముందు నెల చూడండి: ఎంపిక, నిల్వ, రకాల గుర్తింపు

అక్టోబరులో బంగినపల్లి మామిడి కనిపిస్తే అనుమానిస్తాం. ఏప్రిల్‌లో ఎవరైనా సీతాఫలం అమ్ముతుంటే ఆగి చూస్తాం. యాపిల్ విషయంలో మాత్రం ఆ ప్రశ్నే రాదు. ఉగాదికీ, వినాయక చవితికీ, సంక్రాంతికీ అదే ఎరుపుతో, అదే నిగనిగతో బండి మీద ఉంటుంది. చెట్టు కాసేది మాత్రం ఏడాదికి ఒక్కసారే. ఆ సంగతి మరిచిపోయి కొంటాం కాబట్టే "అంత ధర పెట్టి తెస్తే పిండి పిండిగా ఉంది" అనే మాట ఇంటింటా వినిపిస్తుంది. రంగు సంగతి తర్వాత. ముందు తెలుసుకోవాల్సింది ఇది ఎక్కడి కాయ, ఎప్పుడు కోశారు అన్నది.

మొదటి అడుగు: ఏ నెలలో ఏది వస్తుందో తెలుసుకోవడం

జూన్ చివర, జూలైలో దిగే తొలి కాయ హిమాచల్ ప్రదేశ్ దిగువ కొండలది. టైడ్‌మన్ లాంటి తొందరగా పండే రకాలు ముందు వస్తాయి. ఇవి పులుపు మీద, రసంగా ఉంటాయి. నిల్వకు ఆగవు, నాలుగు రోజుల్లో తినేయాలి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సిమ్లా జిల్లా కోట్‌గఢ్, జుబ్బల్, రోహ్రూ తోటల నుంచి రాయల్ డెలీషియస్ అనే ఎర్ర రకం వస్తుంది. సెప్టెంబరు మధ్య నుంచి కాశ్మీర్ వంతు. సోపోర్, షోపియాన్ మండీల నుంచి లారీలు దక్షిణానికి బయలుదేరుతాయి. హిమాచల్‌లోనే ఎత్తైన కిన్నౌర్ కాయ సెప్టెంబరు చివర మొదలై అక్టోబరు దాటేదాకా వస్తుంది. కాయ గట్టిగా, తీపిగా ఉంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది. మన దగ్గర యాపిల్ తినడానికి మంచి కాలం ఏదని అడిగితే సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు అని తడుముకోకుండా చెప్పవచ్చు.

జనవరి తర్వాత వచ్చే కాశ్మీర్, సిమ్లా కాయ గిడ్డంగి నుంచి వచ్చినదే. అందులో తప్పేమీ లేదు. కాశ్మీర్‌లో పుల్వామా దగ్గరి లస్సీపోరాలో ఉన్నటువంటి ఆధునిక గిడ్డంగుల్లో చలి ఒక్కటే కాదు, గాలి కూడా అదుపులో ఉంటుంది. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉంటే అక్కడ దాన్ని 1 నుంచి 3 శాతానికి తగ్గిస్తారు. కోసిన తర్వాత కూడా యాపిల్ ఊపిరి తీస్తూనే ఉంటుంది. ఆ ఊపిరి నెమ్మదిస్తే పండడం నెమ్మదిస్తుంది. సరిగ్గా నడిచే గిడ్డంగిలో కాయ ఆరు నెలలు, అంతకు మించి కూడా గట్టిగా ఉంటుంది. చిక్కంతా బయటికి తీసిన తర్వాతే. ఏప్రిల్ ఎండలో, నలభై డిగ్రీల వేడిలో, తోపుడు బండి మీద రెండు రోజులు గడిపిన గిడ్డంగి కాయ చాలా త్వరగా చప్పబడుతుంది. కాబట్టి ఫిబ్రవరి నుంచి జూన్ వరకు ఎంత చవకగా ఇచ్చినా వారానికి సరిపడా మాత్రమే కొనండి.

ఆ నెలల్లో కొత్త కోత కాయే కావాలంటే భూమధ్యరేఖకు అవతలి దేశాల వైపు చూడాలి. న్యూజిలాండ్, చిలీ, దక్షిణాఫ్రికాల్లో కోత ఫిబ్రవరి నుంచి మే వరకు. ఓడ ప్రయాణం పోగా అవి మన దగ్గరికి వేసవిలో చేరతాయి. మే నెలలో ఒకే దుకాణంలో వాషింగ్టన్ కాయ, న్యూజిలాండ్ గాలా రకం పక్కపక్కన ఉంటే, మొదటిది క్రితం శరదృతువులో కోసింది, రెండోది ఆ ఏటి కాయ. నేనైతే రెండో దాని వైపే చెయ్యి చాపుతాను.

ఇంకో మాట. వాషింగ్టన్, సిమ్లా, కాశ్మీర్ అని వ్యాపారులు చెప్పేవి ప్రాంతాల పేర్లు, రకాల పేర్లు కావు. తమాషా ఏమిటంటే మూడు పేర్లతోనూ ఎక్కువగా అమ్ముడుపోయేది ఒకే కుటుంబం: రెడ్ డెలీషియస్, దాని పిల్లలు.

రెండో అడుగు: చేతిలోకి తీసుకుని చూడడం

ఎరుపు ఎండ తగిలిన వైపు వస్తుంది. పండిందో లేదో చెప్పేది ఆ ఎరుపు కింద ఉన్న రంగు. కాయను తిప్పి నీడ పడిన వైపు, తొడిమ గుంట చుట్టూ, అడుగున చూడండి. అక్కడ ఆకుపచ్చగా ఉంటే తొందరపడి కోసినట్టు. లేత పసుపు, మీగడ రంగు తిరిగితే సరైన సమయం. ముదురు పసుపు పడి తొక్క జిడ్డుగా ఉంటే తినే గడువు దగ్గర పడింది. ఇది ఎర్ర రకాలకు. గ్రానీ స్మిత్ లాంటి ఆకుపచ్చ కాయకు లెక్క వేరు, అది పసుపు తిరిగిందంటే పులుపూ కరకరా తగ్గాయని అర్థం. దుకాణంలో పచ్చ, ఎర్ర బల్బుల వెలుగు, ఎర్ర గొడుగు నీడ ఈ తేడాను మింగేస్తాయి. ఒక కాయను వెలుతురులోకి తెచ్చి చూడడానికి మొహమాటపడవద్దు.

తర్వాత బరువు. ఒకే సైజులో ఉన్న రెండు కాయలను రెండు చేతుల్లో పట్టుకుంటే బరువుగా అనిపించేదానిలో రసం ఎక్కువ. బొటనవేలితో నొక్కవద్దు. నొక్కిన చోట మర్నాటికి గోధుమ రంగు మచ్చ పడుతుంది, వ్యాపారి కసిరినా తప్పు మనదే. అరచేతిలో పట్టుకుని మెల్లగా బిగిస్తే చాలు, లోపలికి పోతున్నట్టు ఉంటే పక్కన పెట్టండి. తొడిమ చుట్టూ తొక్క సన్నగా ముడతలు పడితే నీరు పోయింది. వాసన చూడవలసింది అడుగున, పువ్వు రాలిన గుంట దగ్గర. అక్కడ తీపి వాసన రావాలి. పులిసిన వాసన వస్తే లోపల కుళ్లు మొదలైంది.

మచ్చలన్నీ చెడ్డవి కావు. తొడిమ దగ్గర గరుకుగా ఉండే గోధుమ రంగు పొర సహజం. వడగళ్లు తగిలిన చోట ఎండిన చిన్న గుంట ఉంటుంది, రుచికి దానివల్ల నష్టం లేదు. అలాంటి కాయలు చవకగా దొరికితే ధైర్యంగా తీసుకోవచ్చు. నల్లగా, బెండులా గరుకు తేలిన మచ్చలు స్కాబ్ అనే తెగులువి. తొక్క తీస్తే సరిపోతుంది, కానీ పగిలిన మచ్చ ఉన్న కాయ నిల్వ ఉండదు. తొక్క కింద చిన్న చిన్న గోధుమ చుక్కలు లోపలికి దిగి ఉంటే అది కాయకు కాల్షియం చాలక వచ్చే లోపం, ఆ భాగం చేదుగా ఉంటుంది. తొక్క మీద కాలినట్టు పెద్ద గోధుమ మరకలు కనిపిస్తే చాలాకాలం చలిగిడ్డంగిలో ఉన్న కాయ. గ్రానీ స్మిత్‌లో, రెడ్ డెలీషియస్‌లో ఇది తరచూ వస్తుంది.

స్టిక్కర్ మీది అంకెలు ధర వేయడానికి పెట్టినవి, అయినా రకం పేరు తెలుసుకోవడానికి పనికొస్తాయి. 4016 అంటే పెద్ద సైజు రెడ్ డెలీషియస్, 4131 పెద్ద ఫుజీ, 4017 పెద్ద గ్రానీ స్మిత్, 4135 పెద్ద గాలా. ముందు 9 చేర్చి అయిదు అంకెలుంటే సేంద్రియ సాగు. 8తో మొదలైతే జన్యుమార్పిడి పంట అని వాట్సాప్‌లో తిరిగే మాటను నమ్మవద్దు, ఆ అంకెను దుకాణాల్లో అలా వాడనే లేదు. స్టిక్కర్ ఉన్నంత మాత్రాన కాయ మంచిదని అర్థం కాదు. ఎవరైనా అచ్చు వేయించి అంటించగలరు.

ఇక మైనం. కత్తితో గీకి తెల్లటి పొడి రాల్చి చూపించే వీడియోలు చూసి యాపిల్ మానేసినవాళ్లున్నారు. యాపిల్‌కు పుట్టుకతోనే పలుచని మైనపు పొర ఉంటుంది, నీరు ఆవిరైపోకుండా కాపాడేది అదే. ప్యాకింగ్ కేంద్రంలో కడిగినప్పుడు ఆ పొర కొంత పోతుంది కాబట్టి తేనెమైనం, కార్నుబా అనే తాటిజాతి చెట్టు ఆకుల మైనం, లక్క లాంటివి పలుచగా పూస్తారు. వీటికి మన ఆహార భద్రతా సంస్థ అనుమతి ఉంది, మైనం పూసినట్టు లేబుల్ మీద రాయాలన్న నియమమూ ఉంది. ఇష్టం లేకపోతే గోరువెచ్చని నీటిలో రుద్ది గుడ్డతో తుడిస్తే చాలావరకు పోతుంది.

మూడో అడుగు: రకాలను పరిచయం చేసుకోవడం

రెడ్ డెలీషియస్‌తోనే మొదలుపెట్టాలి. అడుగున అయిదు బుడిపెలు, పైన వెడల్పు, కింద సన్నం: ఆకారం చూసే చెప్పేయవచ్చు. అమెరికాలోని అయోవాలో జెస్సీ హయాట్ అనే రైతు తోటలో దానంతటదే మొలిచిన చెట్టు ఇది. వరుసలో లేదని ఆయన నరికేస్తే మళ్లీ చిగిర్చింది. 1890లలో స్టార్క్ సోదరుల నర్సరీ హక్కులు కొని డెలీషియస్ అని పేరు పెట్టింది. మొదటి కాయ ఇంత ఎరుపు కాదు, పసుపు మీద ఎర్ర చారలతో ఉండేది. ఎర్రగా ఉన్నదే అమ్ముడుపోతుంది కనుక తోటల్లో మరింత ఎర్రగా కాసిన కొమ్మలను ఏరి ఏరి అంటుకట్టారు. తొక్క మందమైంది, రుచి వెనకబడింది. రంగు చూసి కొనే అలవాటుకు ఆ పండు చెల్లించిన మూల్యం అది.

మన దేశంలో దీన్ని నిలబెట్టినది శామ్యూల్ స్టోక్స్. ఫిలడెల్ఫియా నుంచి 1904లో కుష్ఠు రోగుల సేవకు వచ్చి, ఇక్కడే పెళ్లి చేసుకుని, తర్వాత సత్యానంద్ స్టోక్స్ అయ్యారు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకూ వెళ్లారు. 1916 ప్రాంతంలో అమెరికా నుంచి డెలీషియస్ మొక్కలు తెప్పించి కోట్‌గఢ్ దగ్గర నాటారు. సిమ్లా కొండల యాపిల్ వ్యాపారం అక్కడి నుంచే ఊపందుకుంది. ఈ కాయను సెప్టెంబరు, అక్టోబరుల్లో తాజాగా తింటే హాయిగా ఉంటుంది. మార్చిలో దీన్ని కొనడం జూదమే.

ఫుజీ జపాన్‌లోని ఫుజీసాకీలో పుట్టింది. రెడ్ డెలీషియస్‌ను రాల్స్ జానెట్ అనే పాత అమెరికా రకంతో కలిపి తీశారు, 1962లో బజారుకు వచ్చింది. గులాబీ చారలు, గుండ్రటి ఆకారం, మంచి తీపి, గట్టి గుజ్జు. నిల్వలో దీన్ని మించినది మామూలు బజారులో లేదు, ఫ్రిజ్‌లో రెండు మూడు నెలలు పాడవకుండా ఉంటుంది. కోస్తే గింజల గది చుట్టూ గాజులా పారదర్శకంగా కనిపించిందనుకోండి, చెడిందని పారేయకండి. కణాల మధ్య తీపి రసం చేరితే అలా ఉంటుంది, జపాన్‌లో దానికి ప్రత్యేకంగా గిరాకీ ఉంది. మన కిన్నౌర్ కాయల్లోనూ కనిపిస్తుంది. కాకపోతే అలాంటి కాయను దాచకుండా వెంటనే తినాలి.

గాలా న్యూజిలాండ్‌ది. చిన్న కాయ, పలుచని తొక్క, పులుపు తక్కువ. పిల్లలకు మొదట ఇది పెట్టడం మేలు. త్వరగా మెత్తబడుతుంది కాబట్టి ఎక్కువ తెచ్చుకోవద్దు.

గ్రానీ స్మిత్ 1868 ప్రాంతంలో సిడ్నీ శివార్లలో మరియా ఆన్ స్మిత్ అనే ఆవిడ పెరట్లో మొలిచింది. ముదురు ఆకుపచ్చ, గట్టి గుజ్జు, గట్టి పులుపు. వంటకు రాణి. గోల్డెన్ డెలీషియస్ పసుపు కాయ, రెడ్ డెలీషియస్‌కు పేరులో తప్ప బంధుత్వం లేదు. తేనె రుచి, మెత్తని గుజ్జు, కానీ ముట్టుకుంటే మచ్చపడేంత సున్నితం. పింక్ లేడీ పేరుతో వచ్చే గులాబీ కాయ పశ్చిమ ఆస్ట్రేలియాలో తీసిన రకం. తీపి, పులుపు రెండూ గట్టిగా ఉంటాయి, ధర కూడా.

కాశ్మీర్ రకాల్లో అంబ్రీ గురించి వినని యాపిల్ ప్రియులు ఉండరు. అక్కడి సొంత రకం, విదేశం నుంచి తెచ్చింది కాదు. తెల్లని కరకరలాడే గుజ్జు, గదంతా నిండే వాసన, మంచి నిల్వ. డెలీషియస్ తోటలు పెరిగాక అంబ్రీ తోటలు కుదించుకుపోయాయి, మన ఊళ్ల దాకా రావడం అరుదు. అక్టోబరు తర్వాత ఎక్కడైనా కనిపిస్తే బేరం ఆడకుండా కొనండి. మహారాజీ అనే పెద్ద కాయ ఆలస్యంగా వస్తుంది. కోసిన కొత్తలో బాగా పులుపు, కొన్ని వారాలు దాచితే తీపి తేలుతుంది.

మన తెలుగు నేల మీద యాపిల్ పండదా అని అడిగేవారికి: మామూలు రకాలకు శీతకాలంలో ఏడు డిగ్రీల లోపు చలి వెయ్యి గంటల దాకా కావాలి, అది మన మైదానాల్లో దొరకదు. హిమాచల్ బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ తీసిన హరిమన్-99 రకానికి అంత చలి అక్కర్లేదు, జూన్‌లోనే పండుతుంది. ఆయనకు 2025లో పద్మశ్రీ వచ్చింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు లంబసింగి, చింతపల్లి వైపు యాపిల్ సాగును పరీక్షించారు, ఆసిఫాబాద్ జిల్లాలోనూ కాయించారు. పెరట్లో సరదాకు పెంచుకోవచ్చు. తోట వేసి డబ్బు లెక్కపెట్టుకుందామంటే మాత్రం ముందు కాసిన తోట చూసి రండి.

నాలుగో అడుగు: కిలోనా, పెట్టెనా

నలుగురున్న ఇంటికి కిలోల లెక్కే మేలు. పండగకో, బంధువులతో పంచుకోవడానికో పెట్టె కావాలంటే హైదరాబాద్ వాళ్లు బాటసింగారం పండ్ల మార్కెట్ దాకా వెళ్లవచ్చు. దిగుమతి పెట్టె మీద 80, 100, 113, 125 లాంటి అంకె ఉంటుంది. సుమారు 18 కిలోల పెట్టెలో ఎన్ని కాయలున్నాయో చెప్పే అంకె అది. 100 అంటే ఒక్కో కాయ 180 గ్రాములు, 125 అంటే 145 గ్రాములు. అంకె పెరిగేకొద్దీ కాయ చిన్నది. ఇంట్లో పిల్లలు సగం కొరికి వదిలేస్తుంటే 125 తీసుకోండి. చిన్న కాయ నిల్వ కూడా బాగా ఉంటుంది. పెట్టెలో పై వరుస అందంగానే ఉంటుంది, అడుగు వరుస తీయించి చూశాకే డబ్బు ఇవ్వండి.

అయిదో అడుగు: దాచడం

యాపిల్‌కు నచ్చేది సున్నా నుంచి నాలుగు డిగ్రీల చలి, తడి గాలి. పళ్లెంలో పేర్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టడం ఫొటోకు బాగుంటుంది, కాయకు కాదు. వేసవిలో బయట రెండు మూడు రోజులకే గుజ్జులో కరకర పోతుంది. కణాలను అంటిపెట్టుకునే పెక్టిన్ కరిగితే, కొరికినప్పుడు కణాలు పగిలి రసం చిమ్మడానికి బదులు ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి. పొడి ఉప్మా రవ్వ నమిలినట్టు ఉండేది అందుకే. అలా అయినదాన్ని ఫ్రిజ్‌లో పెట్టినా వెనక్కి రాదు.

తెచ్చిన వెంటనే మచ్చపడినవీ, తొడిమ ఊడినవీ వేరు చేయండి. వాటిని ముందు తినాలి. మిగిలినవి కడగకుండా, పొడి గుడ్డతో తుడిచి, నాలుగైదు చిల్లులు పెట్టిన కవరులో వేసి ఫ్రిజ్ అడుగు అరలో ఉంచండి. కవరు తేమను నిలుపుతుంది, చిల్లులు ఆవిరి నీరై కారకుండా చూస్తాయి. ఫ్రిజ్ వెనక గోడకు తగలనివ్వకండి, గడ్డకట్టిన కాయ కరిగాక నల్లబడుతుంది. నెలకు పైగా దాచాలంటే ఒక్కోదాన్ని కాగితంలో చుట్టండి, ఒకటి కుళ్లినా పక్కదానికి అంటదు.

యాపిల్ నుంచి ఇథిలీన్ వాయువు వస్తుంది, ఇతర పండ్లను, కూరలను పండించేది అదే. కొత్తిమీర, పాలకూర, దోసకాయలు దాని పక్కన త్వరగా పసుపు తిరుగుతాయి. క్యారెట్ చేదెక్కుతుంది. కాబట్టి కూరగాయల అరలో కలిపి పెట్టవద్దు. అదే గుణాన్ని లాభానికి వాడుకోవచ్చు: గట్టి సపోటాలు, పచ్చి అరటి, మామిడి కాయలను ఒక యాపిల్‌తో పాటు కాగితపు సంచిలో మూసి పెడితే త్వరగా పండుతాయి. వారానికోసారి అర తెరిచి చూడండి. నీలం బూజు పట్టిన కాయను మచ్చ వరకు కోసి తినవద్దు. ఆ బూజు విడుదల చేసే పాట్యులిన్ అనే విషపదార్థం చుట్టుపక్కల గుజ్జులోకి పాకుతుంది. అలాంటిది పారేయడమే.

ఆరో అడుగు: కడగడం, కోయడం

తినేముందే కడగాలి. 2017లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో గాలా కాయల మీద చేసిన పరిశోధనలో, తొక్క మీది మందుల అవశేషాలను తీయడంలో వంటసోడా నీరు మంచి ఫలితం ఇచ్చింది. అర లీటరు నీటికి చెంచా సోడా కలిపి 12 నుంచి 15 నిమిషాలు నానబెట్టి, మంచినీటితో కడగండి. లోపలికి ఇంకినది దీనితో పోదు, ఆ భయం ఉంటే తొక్క తీయండి. తొక్కతో పాటు పీచు కూడా కొంత పోతుందని మాత్రం తెలిసి తీయండి. కోసిన ముక్కలు నల్లబడకుండా గ్లాసు నీటిలో పావు చెంచా ఉప్పు వేసి అయిదు నిమిషాలు ఉంచి తీస్తే, బడి డబ్బాలో మధ్యాహ్నం దాకా తెల్లగా ఉంటాయి. నిమ్మరసమూ పనిచేస్తుంది, రుచి మారుతుంది.

ఏడో అడుగు: నాలుకకు నేర్పడం

మూడు రకాలు, ఒక్కోటి ఒక్కో కాయ తెచ్చుకోండి. గాలా, ఫుజీ, గ్రానీ స్మిత్ అయితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఫ్రిజ్ నుంచి తీసి అరగంట బయట పెట్టండి, చల్లగా ఉంటే వాసన తెలియదు. నిలువుగా కాకుండా అడ్డంగా కోయండి. మధ్యలో అయిదు రేకుల నక్షత్రం, అందులో గింజలు. గింజలు ముదురు గోధుమ రంగులో ఉంటే పండాకే కోశారు, తెల్లగా ఉంటే పచ్చిగానే కోశారు. ముందు వాసన, తర్వాత చిన్న ముక్క, నెమ్మదిగా నమలడం. పులుపు మొదట వచ్చిందా, తీపి తర్వాత వచ్చిందా, తొక్క నోట్లో మిగిలిందా గమనించండి.

ఇంట్లో పిల్లలుంటే ఇంకో పరీక్ష చేసి చూపించవచ్చు. అడ్డంగా కోసిన ముక్క మీద టింక్చర్ అయోడిన్ పూసి రెండు నిమిషాలు ఆగండి. పిండిపదార్థం ఉన్నచోట నీలి నలుపు రంగు వస్తుంది. పచ్చి కాయ మొత్తం నల్లబడుతుంది. పండేకొద్దీ మధ్య నుంచి అంచుకు తెలుపు పెరుగుతుంది, బాగా పండినది, చాలాకాలం నిల్వ ఉన్నది అసలు రంగు మారదు. కోత ఎప్పుడు మొదలుపెట్టాలో తోటల్లో తేల్చేది ఈ పరీక్షతోనే. ఆ ముక్క మాత్రం చెత్తబుట్టకే.

మెత్తబడినవి, పుల్లనివి: వంటింట్లోకి

పిండిగా మారిన డెలీషియస్‌ను తురిమి, నేతిలో నీరు ఇగిరేదాకా వేయించి, తురుములో మూడో వంతు చక్కెర, కాస్త యాలకుల పొడి వేస్తే హల్వా అవుతుంది. అందులో ఉన్న తీపికి ఎక్కువ చక్కెర అక్కర్లేదు. చంటిపిల్లలకు తొక్క, గింజలు తీసి ఆవిరి మీద ఉడికించి మెత్తగా మెదపండి.

గ్రానీ స్మిత్‌కు మాత్రం తెలుగు వంటలో గౌరవమైన చోటు ఉంది. అమెరికాలో, యూరప్‌లో పచ్చిమామిడి దొరకని ఊళ్లలో మనవాళ్లు ఉగాది పచ్చడికీ, పప్పుకూ, పులిహోరకూ దీన్నే వాడతారు. పప్పులో వేసేటప్పుడు ముక్కలను పప్పుతో కలిపి కుక్కర్‌లో పెట్టవద్దు, కరిగి మాయమవుతాయి. పప్పు ఉడికాక వేసి అయిదు నిమిషాలు ఉంచితే ముక్క నిలుస్తుంది. మామిడి అంత పులుపు రాదు కాబట్టి చివర కొద్దిగా నిమ్మరసం పిండాలి. పులిహోరకు తురిమిన వెంటనే పోపులో వేయండి, లేకపోతే నల్లబడుతుంది. ఆవకాయ కూడా పెట్టవచ్చు: ఆవపొడి, కారం, ఉప్పు, నువ్వుల నూనె, ఎప్పటి పాళ్లే. కానీ యాపిల్‌లో నీరు ఎక్కువ, ముక్క మామిడిలా నిలవదు. చిన్న సీసాలో పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచి, వారంలోపు అన్నంలో కలిపి పూర్తి చేయాలి.